ఒంటికాలి చప్పుడు

పున్నమి పోటు, సోమవారం

పొద్దున్న సముద్రం కింది మెట్టు దాకా వచ్చి వెనక్కి పోయింది. పుస్తకాలేవీ తడవలేదు. నేను కాపలా కాసే చాటుగదికి పదిమంది లోపే వచ్చారు. పావుకోళ్ళలో ఒకదానికి పట్టీ తెగితే కుట్టాను.

ఈ రాతలో నా పేరొక్కటే నిజం. మిగతావి నేను పెట్టిన పేర్లు. ఆనవాళ్ళు కూడా అక్కడక్కడా మార్చాను. ఎవరొచ్చారు, ఏం చదివారు అన్నది రాయకూడదని ఈ గది కట్టుబాటు. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళ లెక్క తప్ప ఏదీ రాయలేదు. ఇవాళ ఒక పిల్ల పడిపోయింది. అందుకని రాస్తున్నాను.

మా విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి రెండు దారులు. ముందు దారి గడపది. గడప అని మేం పిలిచే ఆ యంత్రానికి కళ్ళు లేవు, నేలే దాని చెవి. అడుగు పడగానే నడకని బట్టి మనిషిని పోల్చుకుని, పేరు పెట్టి పిలిచి, నిన్న ఆపిన పేజీ తెరిచి పెడుతుంది. చూపు లేనివాళ్ళకి చదివి వినిపిస్తుంది. కొండ మీది పిల్లలంతా అటే పోతారు.

వెనక దారి నాది. మట్టి బాట మీద వచ్చి గుమ్మం బయట సొంత చెప్పులు విడవాలి. గంపలో చెయ్యి పెట్టి, చూడకుండా రెండు పావుకోళ్ళు తీసుకోవాలి. ఏ రెండూ ఒక ఎత్తున ఉండవు. గులకరాళ్ళ సంచి ఒకటి భుజాన తగిలించుకోవాలి. అప్పుడు అల్మారాల మధ్యకి వెళ్ళవచ్చు. నేల వింటుంది గానీ ఆ అడుగులు ఎవరివో దానికి అందదు. రేపు అదే మనిషి వచ్చినా దానికి కొత్త మనిషే. పుస్తకం తెచ్చుకుని, కడపరాయి పరిచిన నా గదిలో కూర్చుని చదువుకుంటారు. నా గదిలో చెవి లేదు. ఆ వినే నేల పరిచిన ఏడాది, విద్యార్థులు తిండి మానేసి కూర్చుని సాధించుకున్న ఒప్పందం ఇది. నేను కూడా పావుకోళ్ళ మీదే తిరుగుతాను. గడపకి నా పేరు తెలియదు.

రోజూ వచ్చేది ఖాదర్‌వలీ మాస్టారు. భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇక్కడికొచ్చి ప్రేమ సీరియళ్ళు చదువుతారు.

"గడప దగ్గరకి పోతే ఏమంటుందో తెలుసా దాలయ్యా? నా శిష్యులంతా వింటూండగా, 'మాస్టారూ, నిన్న నాయిక వానలో తడుస్తుంటే ఆపేశారు' అంటుంది. ఈ పావుకోళ్ళే నా పరువు."

ఆయన ఆ మాట అంటుండగానే అల్మారాల వైపు ధబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఒక అమ్మాయి పడి ఉంది. ఒక కాలు పొట్టి. ఏ కాలో రాయను. గంపలో ఆమె చేతికి అందిన రెంటిలో తక్కువ ఎత్తుది ఆ కాలికే పడింది. మోకాలు చీరుకుపోయింది. పుస్తకం మాత్రం వదల్లేదు, గుండెకి అదుముకుని ఉంది.

నేను గుడ్డ తడిపి ఇచ్చాను. పుస్తకం పేరు కనపడకుండా తల తిప్పుకున్నాను.

మంగళవారం

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. నూకరత్నం అందాం. మునిగిన దిగువ నుంచి వచ్చినవాళ్ళ పునరావాసపు గదుల్లో ఉంటుంది. అల్మారా దాకా గోడ పట్టుకుని వెళ్ళి, గోడ పట్టుకుని వచ్చింది.

"ముందు దారిన వెళ్ళమ్మా. అక్కడ మెట్లు కూడా లేవు, వాలుబాట కట్టారు," అన్నాను.

"ముందునుంచి ఎల్తే నా పేరు పడిపోద్ది కద బాబాయ్."

"చదువుకునే పిల్లవి. పేరు పడితే ఏమైంది?"

నాలాంటివాడు అడగకూడని మాట. ఆమె పుస్తకం తిప్పి అట్ట చూపించబోయింది. వద్దన్నాను.

"నాకు తెలియకపోతేనే నీకు మంచిది. చెప్పకు."

"నాన్ సెప్పకపోతే ఊపిరాడదు బాబాయ్. ఎవులికీ సెప్పలేదు. మా సెల్లికి నీలిదగ్గు."

నేను లేచి తలుపు దగ్గరగా వేశాను.

నీలిదగ్గు పట్టినవాళ్ళని, వాళ్ళతో ఒకే గదిలో కాపురముండేవాళ్ళని ఆరోగ్య కచేరీ వాళ్ళు పడవల మీదకి చేరుస్తారు. ఆ పడవలు గట్టుకి దూరంగా లంగరు వేసి ఉంటాయి. ఎక్కినవాళ్ళని చూశాను. దిగినవాళ్ళని చూడలేదు. అక్కడికి మందు పోదు, తిండి పోతుంది.

"మనిషి నుంచి మనిషికి అంటుకునేది కాదట బాబాయ్. గోడల చెమ్మకి పట్టే బూజు నుంచి వత్తాదట. పాత వైద్యం పుస్తకంలో ఉంది. మందు కూడా ఉందట, మన కొండ మీద దొరికే సరుకేనట. అదేటో తెలుసుకుంటే సాలు."

"చెల్లి ఏం చదువుతోంది?"

"ఏటీ సదవదు. పాటలు పాడేది. ఇప్పుడు పాడట్లేదు."

ఇంకేమీ అడగలేదు. ఈ రెండూ కూడా అడగకుండా ఉండాల్సింది.

గురువారం

విరిగిన అల్మారా చెక్క ఉంటే చెక్కి, ఆమె పొట్టి కాలికి సరిపడా మందంగా ఒక పావుకోలు చేశాను. జారకుండా అడుగున బండి టైరు ముక్క కొట్టాను. రెండో కాలికి మామూలుది. గంపలో కలపకుండా తలుపు వెనక మేకుకి తగిలించి, వచ్చాక ఇచ్చాను.

వేసుకుని నాలుగడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ వేసింది. గోడ పట్టుకోలేదు.

"నాన్ ఇలగ నడవగల్నని నాకే తెల్దు బాబాయ్," అని, అల్మారాల చుట్టూ ఊరికే ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఒక కాలు టక్కున మోగుతోంది. టైరు వేసిన కాలు మోగడం లేదు.

మాస్టారు సీరియల్లోంచి తలెత్తారు. "ఏంటయ్యా ఇది, ఒంటికాలి దయ్యం నడిచినట్టుంది?"

"దెయ్యాన్నే మాస్టారూ. పరీచ్చలు దాటేదాకా సావను," అంది నూకరత్నం.

ముగ్గురం నవ్వాం. గదిలో అంత పెద్ద నవ్వు విని చాలా కాలమైంది. సాయంత్రం నాకు అన్నం బాగా సహించింది.

శనివారం

గ్రంథపాలకురాలు హైమావతి గారు గదికి వచ్చారు. పద్ధతి ప్రకారం పావుకోళ్ళు వేసుకుని, తూలుకుంటూ వచ్చారు.

"దాలయ్య గారూ, మీ గదిలో ఒకమ్మాయి పడిందటగా?"

"పడిందండి."

"ఎవరు?"

"పేరు తెలియదండి."

ఆమె కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నారు. మనిషి చెడ్డది కాదు. చూపు లేని తమ్ముడి కోసం ఆ వాలుబాట, ఆ చదివే గొంతు సాధించింది ఆవిడే.

"మా తమ్ముడు మీ గదికి రాగలడా? మీ చాటు కోసం కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు కాళ్ళు విరగ్గొట్టుకోవాలా? ఆ ఒప్పందం నాటికి గడప కొత్తది, భయం ఉండేది. ఇప్పుడెవరికి భయం చెప్పండి? వానలు ముగిసేలోగా ఈ గది మూసేద్దామంటున్నారు. నేను కాదనలేకపోతున్నాను."

చెప్పాలనిపించింది. భయపడేవాళ్ళు ఉన్నారండి అని. ఎవరు అంటే ఏం చెప్పను?

"కాళ్ళు విరగకుండా చూసుకుంటానండి," అన్నాను.

అష్టమి పోటు, మంగళవారం

నూకరత్నం రోజూ వస్తోంది. గోడ పట్టుకోవడం లేదు కాబట్టి త్వరగా వెళ్ళి, త్వరగా వస్తోంది. కావలసిన పుస్తకాలన్నీ ఒకే అల్మారాలో ఉన్నాయి.

ఇవాళ పుస్తకం మూసేసింది. మందు ఏదన్నది రెండో సంపుటంలో ఉందట. కింది అంతస్తు మునిగినప్పుడు ఆ వరసంతా యంత్రాల కొట్లోకి ఎత్తించారు. అక్కడికి మనుషులు పోలేరు. గడపని అడిగితేనే వస్తుంది. అడగాలంటే పేరు చెప్పాలి.

"పెదాలు నీలంగా అయిపోనాయి బాబాయ్. గోడవతల మడుసులు వినేత్తారని దగ్గొత్తే నోట్లో గుడ్డ కుక్కుకుంటంది."

ఇంకో పుస్తకంలో ఏమైనా ఉంటుందేమో చూద్దాం అన్నాను. ఇద్దరం చూశాం. నేను చదువు బడిలో నేర్చుకోలేదు. ఈ గదికి రాళ్ళు పరచడానికి కూలికి వచ్చి, ఇక్కడే అక్షరాలు నేర్చుకున్నాను. వైద్యపు మాటలు సగం అర్థం కాలేదు. ఆమెకి అర్థమైన దాంట్లో మందు లేదు.

బుధవారం

ఆరోగ్య కచేరీ నుంచి సూరపరాజు అనే ఉద్యోగి వచ్చాడు. వెంట హైమావతి గారు. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది.

సూరపరాజు కాగితం చూసి చదివాడు. ఊపిరితిత్తుల అల్మారా ముందు ఒకే నడక మళ్ళీ మళ్ళీ ఆగుతోందట. సంచి బరువు మారుతోంది గానీ నడక మారడం లేదట. ఒక కాలే మోగుతోందట. పేరు లేదు కాబట్టి గడప దానికి ఒక అంకె పెట్టుకుందట.

"పేరు పెట్టకపోయినా ఫరవాలేదులే. పుట్టిన పిల్లకి బారసాల దాకా పేరుంటుందా ఏంటి? పిల్ల పిల్లే కదా," అని నవ్వాడు. "ఎవరయ్యా ఆ ఒంటికాలి చప్పుడు?"

"నాకు తెలియదండి."

"ఇక్కడే ఉంటావు కదా?"

"తెలుసుకోకుండా ఉండటమే నా పని అండి."

"బాగుంది ఉద్యోగం. సరే, శుక్రవారం నుంచి నేనే మీ గుమ్మంలో కూర్చుంటాను. నడక చూడ్డానికి గడప అక్కర్లేదు, నాకూ కళ్ళున్నాయి."

వాళ్ళు వెళ్ళాక తలుపు వెనక మేకు చూశాను. మిగతా పావుకోళ్ళు చెడ్డవి. పడేస్తాయి, గీరుకుంటాయి, రోజుకో మనిషిని చేస్తాయి. అందుకే అవి మంచివి. ఆమె పడకూడదని ఆమె కాలికి సరిపోయే జత చేశాను. ఆమెకి సరిపోయేది ఇంకెవరికీ సరిపోదు కదా. ఈ గదిలో ఒక మనిషికంటూ ఏదీ ఉండకూడదన్నది మొదటి కట్టుబాటు. అది కట్టినవాళ్ళు ఎందుకు కట్టారో ఇవాళ తెలిసింది. గడప పట్టుకోలేనిదాన్ని నేను పట్టించాను.

హైమావతి గారు తిరిగి ఒక్కరే వచ్చారు.

"నేను పంపలేదు దాలయ్య గారూ. ఒకే నడక ఆ అల్మారా ముందు అన్నిసార్లు ఆగితే కబురు దానంతటదే కచేరీకి పోతుందట. నాకూ చెప్పలేదు."

"ఆపగలరా అండి?"

ఆవిడ పావుకోళ్ళు విప్పి గంపలో వేసి వెళ్ళిపోయారు.

గురువారం

పొద్దున్నే ఖాదర్‌వలీ మాస్టారుకి ఆ జత చూపించాను. ఇవి వేసుకుని రోజూ ఆ అల్మారా దగ్గరకి వెళ్ళి రండి, రేపు కూడా రండి, వయసు మళ్ళినవారు, వైద్యం పుస్తకాలు చదివితే తప్పేముంది అన్నాను. ఎవరికోసమో చెప్పలేదు. ఆయన అడగలేదు.

పావుకోళ్ళు చేతిలోకి తీసుకున్నారు. తొడుక్కోబోయి ఆగారు.

"వయసు చూసి వదిలేస్తారా వాళ్ళు? ఇంట్లో మనవలున్నారు దాలయ్యా. నన్ను పట్టుకుంటే వాళ్ళనీ ఎక్కిస్తారు."

"అవునండి. నేను ఆలోచించలేదు."

"నాకు భయం," అన్నారు. డెబ్బై దాటిన మనిషి ఆ మాట దాచుకోకుండా అన్నారు. జత నా ఒళ్ళో పెట్టి, సీరియల్ తెరవకుండానే వెళ్ళిపోయారు.

కాల్చేద్దామనుకున్నాను. ఇవాళ ఆ చప్పుడు ఆగిపోతే, ఆగిందెందుకని వెతుకుతారు. కొండ మీద ఆ కాలు ఉన్న పిల్లలు ఎంతమంది? ఒక్కొక్కరి తలుపూ కొడతారు. రెండు తలుపులు కొట్టేలోపే దగ్గు వినపడుతుంది.

మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది. గుమ్మం బయటే ఆపేశాను.

"ఇక ఇటు రాకు. రేపు కచేరీ మనిషి ఇక్కడ కూర్చుంటాడు. నడక పట్టుకున్నారు. నేను చేసిన జత వల్ల."

తిడుతుందనుకున్నాను.

"రెండో పుస్తకం, బాబాయ్?"

"అది ముందు దారిలోనే వస్తుంది."

"అయితే నానే ముందునుంచి ఎల్తాను. పేరు సెప్పేత్తాను. పుస్తకం సేతిలో పడ్డాక నన్ను ఎక్కించుకోనీ."

"నీతోపాటు చెల్లినీ ఎక్కిస్తారు. అక్కడ మందు ఎక్కడ నూరుతావు?"

ఆమె మట్టిలో కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఒక చేత్తో గుమ్మం చెక్క పట్టుకుని, దాన్ని పీకేసేలా లాగుతూ ఉంది.

నాకు భార్య లేదు, పిల్లలు లేరు. ఉండేది ఈ గది పక్క వసారాలోనే. నాతో ఒకే గదిలో కాపురముండేవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె గది అంకె అడిగి గుర్తుపెట్టుకున్నాను. "ఇంటికి పో," అన్నాను. "రేపటి నుంచి ముందు దారిన, వట్టి కాళ్ళతో, నీ పేరు మీదే రా. నీ పరీక్షల పుస్తకాలు అడుగు. నన్ను ఎక్కడ చూసినా ఎరగనట్టుండు. చూడనే వద్దు."

"మందు?"

"అందుతుంది."

అలా అనకూడదు. నాకు తెలియదు కదా. అన్నాను.

శుక్రవారం

సూరపరాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను మేకు మీది జత తీసి, అతను చూస్తుండగానే తొడుక్కున్నాను. మందమైన పావుకోలు నా నడుముని పక్కకి తోసింది. సంచి తీసుకుని అల్మారాల్లోకి నడిచాను. టక్కు, మౌనం, టక్కు, మౌనం. ఊపిరితిత్తుల అల్మారా ముందు ఆగాను. అక్కణ్ణించి వెనక్కి రాలేదు. ముందు హాలు వైపు పోయాను. అందరూ చదువుకునే వెలుతురు హాలు అది. అక్కడ సంచి దించాను.

"ఈ అడుగు నాకు తెలుసు, పేరు తెలియదు," అంది గడప. ఆడగొంతు, మెత్తగా ఉంటుంది. "చెబుతారా?"

"దాలయ్య. తండ్రి గవరయ్య. చాటుగది కాపలా."

"రండి దాలయ్య గారూ. ఏం కావాలి?"

సంపుటం పేరు చెప్పాను. నేను చెయ్యి తుడుచుకునేలోగా పుస్తకం బల్ల మీదకి వచ్చింది. ఇన్నేళ్ళూ జనం అటు ఎందుకు పోతారో తెలిసింది. వాళ్ళని నేను మనసులో తక్కువ చేసి చూసేవాణ్ణి. అంత తేలికగా చేతికందితే ఎవరు వద్దంటారు?

మందు పేజీ దొరికింది. అర్థం కాని చోట అక్షరం చూసి అక్షరం దింపాను. పాళ్ళు రెండుసార్లు సరిచూసుకున్నాను. పక్క బల్ల దగ్గర ఖాదర్‌వలీ మాస్టారు ఉన్నారు. ముందు హాల్లో ఆయన్ని ఎన్నడూ చూడలేదు. నా గుమ్మంలో సూరపరాజుని చూసి ఇటు తిరిగి వచ్చినట్టున్నారు. లేచి నా వెనగ్గా వెళ్తూ చెయ్యి చాపారు. మడిచిన కాగితం ఆ చేతిలో పెట్టి, గడప వినకుండా చెవిలో గది అంకె చెప్పాను.

"ఇది మొయ్యగలను," అన్నారు, పెదాలతోనే.

ఆయన గుమ్మం దాటేదాకా నేను పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. తర్వాత సూరపరాజు వచ్చాడు. హైమావతి గారినీ పిలిపించాడు.

"మీకు దగ్గు ఉందా దాలయ్య గారూ?" ఆవిడ అడిగారు. కాగితం ఆవిడే నింపాలి.

"ఉందండి."

"ఎప్పట్నుంచి?"

"పున్నమి నుంచి."

ఆవిడ నా కాళ్ళ వైపు చూశారు. రెండు కాళ్ళూ సమానమైన మనిషికి ఆ జత ఎంత బాధగా ఉందో కనపడుతూనే ఉంటుంది. మొన్న పడిన అమ్మాయి గుర్తొచ్చి ఉంటుంది. కలం తీసి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.

"గది ఎవరు చూసుకుంటారు?" అన్నాను.

"నేను చూసుకుంటాను," అన్నారు. ఎన్నాళ్ళో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

అమావాస్యకి ముందు పోటు, ఆదివారం

పడవ మీద రాస్తున్నాను. మొలలో ఉన్న కాగితాలు ఎవరూ అడగలేదు. ఇక్కణ్ణించి కాగితం కూడా గట్టుకి పోదట. నా పక్క చాపలో ఒక ముసలామె ఉంది. పెదాలు నీలం. చెమ్మ తగలకుండా ఆమె చాప ఎండలోకి జరిపాను. పాళ్ళు నాకు నోటికి వచ్చు. సరుకు లేదు. తిండి తెచ్చే పడవ మనిషిని అడిగాను, తల అడ్డంగా ఊపాడు. రేపు మళ్ళీ అడుగుతాను.

పడవకి పోటు కుదిరేదాకా నన్ను ముందు హాల్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. అది రాయాలి.

నిన్న పొద్దున్న నూకరత్నం వచ్చింది. వట్టి కాళ్ళతో, కుంటుతూ, ముందు దారిలో. గడప పేరు పెట్టి పిలిచింది. గణితం పుస్తకం అడిగి తీసుకుంది. నా ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని చదివింది. నా వైపు చూడలేదు. చెప్పినట్టే చేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేకనో, ఏడ్చో. మందు నూరుతూ మేలుకుందో, ఇక నూరే పని లేకనో. ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.

లేచి నా పక్కనుంచే వెళ్ళింది. చెల్లి ఎలా ఉందమ్మా అని నోటి దాకా వచ్చింది. కాళ్ళ కింద నేల వింటోంది. పక్కన సూరపరాజు, ఎవరెవరు నన్ను పలకరిస్తారా అని చూస్తున్నాడు.

నేను దగ్గాను. ఆమె పక్కకి తప్పుకుని, మిగతా పిల్లల్లాగే, ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.